తాడు రెండో కొస

తమ్మీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివిన. అమెరికా రచయిత జాక్ లండన్ కథ ‘టు బిల్డ్ ఎ ఫైర్’ను, మన కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ను పక్కపక్కన పెట్టాలన్న నీ ఆలోచన నాకు సంబురమనిపించింది. కానీ అక్కడ మంచు, ఇక్కడ చీకటి. అక్కడ కుక్క, ఇక్కడ పంది అనుకుంట మూడు పేజీలు జోడీలు కలుపుకుంట పోయినవు.

చాన ఏండ్ల కింద నల్లమలల మన్ననూరు దాటి ఒక చెంచుపెంటకు, అంటే చెంచుల గూడేనికి పోయిన. తేనె కోసం ఒకాయన లోయ అంచు నుంచి తాడు మీద దిగుతున్నడు. పైన తాడు పట్టింది ఆయన బావమరిది. మడిమెలు రాతి సందుల తన్నిపెట్టిండు. తాడు బండకు ఒరుసుకొని కిర్రుమంటున్నది. పొగ కండ్లల్లకొచ్చినా మొఖం తిప్పలేదు. అన్నదమ్ములుండంగ బావమరిదెందుకని అడిగిన. “అక్క బొట్టు వాని చేతులున్నది, ఇడుస్తడా?” అన్నది పక్కనున్న ముసలమ్మ.

నీ కథలను కూడా అట్లనే అడుగు. తాడు రెండో కొస ఎవరి చేతులున్నది?

లండన్ ఈ కథను రెండుసార్లు రాసిండు. ఆ ముచ్చట నీ వ్యాసంల లేదు. 1902ల కుర్రకారు పత్రికకు రాసినదాంట్ల మనిషికి పేరున్నది, కుక్క లేదు. ఆయన బతికి బయటపడి, ఒంటరిగ పోవద్దని పాఠం నేర్చుకుంటడు. 1908 కథల పేరు తీసేసి కుక్కను తెచ్చిండు. చలి మైనస్ 75 ఫారన్‌హీట్, అంటే మన లెక్కల దాదాపు మైనస్ 59. చెట్టు కింద మంట పెడితే కొమ్మల మీది మంచు కూలి ఆరిపోతది. వేళ్లు పనిచెయ్యవు. 70 అగ్గిపుల్లలు రెండు అరచేతుల నడుమ ఇరికించి ఒక్కసారే గీస్తడు, తన చర్మం కాలిన వాసన తనకే వస్తది. కుక్కను చంపి దాని వెచ్చదనంల చేతులు పెడదామనుకుంటడు, కత్తి దూసే బలం లేదు. పాఠం ఎవ్వరూ చెప్పరు, అయినా ఆ చేతులు నన్ను ఇయ్యాల్టిదాక ఇడువలేదు. ఆ పేజీ దగ్గర ఎంతసేపైనా ఆగు.

కేశవరెడ్డి ముసలాయనకు అడవి తెలుసు. ఆయన పోయింది తప్పిపోయిన సూడిపంది కోసం. ఇక్కడ తాడు పట్టుకున్నది ఆయనే. లండన్ మనిషికి పట్టేటోడే లేడు. నీ పోలిక ఇక్కడున్నది.

ఇంకొకటి. శీర్షికల ‘నిర్జనారణ్యం’ అన్నవు. ఎవరికి నిర్జనం? గడ్డలు తవ్వుకొని, తేనె తీసుకొని బతికినోళ్లకు నల్లమల ఇల్లు. ఆ మాట కొట్టెయ్యి.

1902 కథ రాత్రి చదువు, 1908ది తెల్లారి చదువు. రెండింటి ఆఖరు పేరాలు నోట్‌బుక్కుల ఎత్తి రాసుకో. మనిషి సచ్చినంక కుక్క లేచి, మంట, తిండి ఇచ్చే వేరే మనుషులున్న దిక్కు పోతది గద, నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టి మళ్ల రాయి. దసరాకు అచ్చంపేటల ఉంట, పట్టుకొని రా.

మీ అన్న