సమాధానం: మికు గొంతు గుచ్చుకుంటుంటే లూకాతో మొదలుపెట్టండి

హత్సునే మికు అంటే మనిషి కాదు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో పాడించే జపనీస్ గొంతు. ఆ గొంతు పాడిన ‘హత్సునే మికు నో షోషిత్సు’ పాట వింటే చెవుల్లో గుచ్చుకుంది, ఒక్క ముక్కా పట్టుబడలేదు అన్నారు కదండీ. లోపం మీ చెవులది కాదు. మికు గొంతును తయారుచేసిన క్రిప్టన్ సంస్థ దానికి సూచించిన వేగం నిమిషానికి 70 నుంచి 150 బీట్లు. ఆ పాట 240లో పరుగెడుతుంది, అదీ కావాలనే. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

ముందు అదే సంస్థ తెచ్చిన మరో సాఫ్ట్‌వేర్ గొంతు మెగురినే లూకాని వినండి. ఆ గొంతు కింది స్థాయిలో నిండుగా, మెత్తగా ఉంటుంది. 2009లో వచ్చిన ‘జస్ట్ బీ ఫ్రెండ్స్’, ‘డబుల్ లారియట్’ చాలు. నా ఓటు రెండోదానికే. చెవి అలవాటు పడ్డాక మికు పాడిన ‘మెల్ట్’కి రండి, అది 2007 నాటిది.

వెతికేటప్పుడు శీర్షికలో జపనీస్‌లో ‘ఉతత్తె మిత’ అని ఉంటే దాటేయండి. ‘పాడి చూశాను’ అని దానర్థం, అంటే మనుషులు పాడిన కవర్.