ప్రశ్నలు – జవాబులు: పిసారో శైలి ఎందుకు మారింది?

ప్రశ్న: ప్రసిద్ధ ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌కు చిత్రకళలో మార్గం చూపిన కమీ పిసారో, యాభై అయిదేళ్ల వయసులో తన శైలినే మార్చుకున్నారట. అందుకు కారణమేమిటి?

జవాబు: పిసారో (1830–1903) జీవితాంతం విద్యార్థిగానే ఉన్నారు. యౌవనంలో ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు కొరో సలహాలు పొంది ఆరుబయట చిత్రించడం అలవరచుకున్న ఆయన, 1872 నుంచి పారిస్ సమీపంలోని పాంత్వాజ్ పట్టణంలో తన పక్కనే పనిచేసిన సెజాన్‌కు, ముదురు రంగులను వదిలి ఎదుటి వెలుతురును చిన్న చిన్న కుంచె ముద్రలతో పట్టుకోవడం నేర్పారు. మరో చిత్రకారుడు గొగాన్ కూడా ఆయన వద్ద మెళకువలు నేర్చుకున్నవారే.

1885లో తనకంటే 29 ఏళ్లు చిన్నవాడైన చిత్రకారుడు సెరాను కలిశాక, శుద్ధమైన రంగుల చుక్కలను పక్కపక్కన పేర్చే పద్ధతిని ఆయన స్వీకరించారు. పేరున్న గురువు కుర్రవాడి దగ్గర పాఠం చెప్పించుకోవడం, నా దృష్టిలో, ఆయన చిత్రాలంత గొప్ప విషయం. అయితే ఆ పద్ధతి మరీ నెమ్మదిగా సాగేది. క్షణక్షణం మారే ప్రకృతి అనుభూతిని అది అందుకోలేకపోతోందని గ్రహించి, కొన్నేళ్లకే దాన్ని విడిచిపెట్టారు. తరువాత కంటి జబ్బు వల్ల ఆరుబయట పని కష్టమై, 1897లో పారిస్‌లోని హోటల్ గది కిటికీ నుంచి మోమార్త్ర్ బులవారు అనే విశాలమైన వీధిని వేర్వేరు వేళల్లో చిత్రించారు. సెజాన్ తన చివరి ఏళ్లలో ఒక ప్రదర్శన పట్టికలో తనను ‘పిసారో శిష్యుడు’గా పేర్కొన్నారు.