డ్యామ్‌లో వాటా ఇస్తారంట, మిగిలేదెంత?

ప్రశ్న: కెనడాలో జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో ఆదివాసీలకి వాటా కూడా ఇస్తున్నారని చదివానండీ. నిజంగా వాళ్ళకేమన్నా మిగులుతుందా, లేక ఒప్పించడానికి చూపించే ఆశేనా?

జవాబు: వాటా ఉన్నమాట నిజమేనండీ, కాకపోతే ఊరికే వచ్చేది కాదు. మానిటోబా రాష్ట్రంలో బర్న్‌ట్‌వుడ్ నది మీద వుస్క్వాటిమ్ అని 200 మెగావాట్ల ప్రాజెక్టు ఉంది, ప్రభుత్వ కరెంటు సంస్థ మానిటోబా హైడ్రో, అక్కడి నిసిచావయాసిక్ క్రీ తెగవాళ్ళు పార్ట్‌నర్లుగా కట్టుకున్నారు, 2012లో కరెంటు ఇవ్వడం మొదలైంది. క్రీలు 33 శాతం దాకా కొనుక్కోవచ్చు. కొనుక్కోవచ్చు అన్నాను చూడండి, అంత డబ్బు వాళ్ళకెక్కడిది, ఎక్కువ భాగం ఆ సంస్థ దగ్గరే అప్పు తీసుకున్నారు. తీరా పూర్తయ్యేసరికి కట్టే ఖర్చు పెరిగిపోయింది, అమెరికాకి అమ్మే కరెంటు రేటేమో పడిపోయింది, ఇంకేముంది మొదటి ఏళ్ళన్నీ నష్టాలే. పార్ట్‌నర్ అన్నాక నష్టంలో కూడా పార్ట్‌నరే కదా!

అయినా నన్నడిగితే క్రీలకి అసలు దక్కింది ఆ 33 శాతం కాదు. మొదట వేసిన ప్లాన్ 350 మెగావాట్లది, అది కడితే దాదాపు 140 చదరపు కిలోమీటర్ల నేల మునిగేది. ఇప్పుడున్న చిన్న డిజైన్‌తో మునిగింది అర చదరపు కిలోమీటరు కూడా లేదు, అంటే నేల మిగుల్చుకోడానికి అంత కరెంటు వదులుకున్నారన్నమాట. వాళ్ళెందుకంత పట్టుదలగా ఉన్నారంటే 1970ల్లో చర్చిల్ నదిని మళ్ళించి ఇదే బర్న్‌ట్‌వుడ్‌లోకి వదిలినప్పుడు నీళ్ళు పెరిగి వాళ్ళ చెరువులూ ఒడ్డులూ చేపలవేటా అన్నీ దెబ్బతిన్నాయి, అప్పుడు వీళ్ళ మాట ఎవరూ వినలేదు. ఈసారి మాత్రం 2006లో ఊరంతా ఓటేసి సరే అన్నాకే పని మొదలైంది.

డబ్బు సంగతికొస్తే కరెంటు ఎవరు కొంటారు, ఏ రేటుకి, ఎన్నేళ్ళు అన్నదే ముందు చూడాలి, శాతం తర్వాత. క్యుబెక్ రాష్ట్రం ఉత్తరాన ఇనుక్‌జువాక్ అని ఇన్యుయిట్ అనే ఆదివాసీల ఊళ్ళో ఇన్నావిక్ అని 7.5 మెగావాట్ల బుల్లి ప్రాజెక్టు ఉంది. సగం ఊరి ఇన్యుయిట్ సంస్థది, సగం ప్రైవేటు కంపెనీది. అంతకుముందు ఊరికంతా డీజిల్ జనరేటర్లే దిక్కు, ఇప్పుడు ఈ కరెంటుని అక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ హైడ్రో-క్యుబెక్ 40 ఏళ్ళ ఒప్పందం మీద కొంటోంది. చిన్నదే అనుకోండి, కానీ ఈ ఏడు రేటెలా ఉంటుందోనని వాళ్ళు బయటి మార్కెట్ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు.