ఎంక్వైరీ మధ్యలో ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలు ఉంటుందా?

ప్రశ్న: సార్, నేను కేంద్ర ప్రభుత్వ శాఖలో కౌంటర్ ఉద్యోగిని. క్యాష్ తగ్గిందని రూల్ 14 (పెద్ద శిక్షలకు ముందు జరిపే విచారణ) కింద చార్జిషీట్ ఇచ్చారు, కడపలో ఎంక్వైరీ నడుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నమే నేను కౌంటర్ ఇంకొకాయనకు అప్పగించి వెళ్లాను. ఆ అప్పగింత రిజిస్టర్ తెప్పించమని, అప్పటి హెడ్ క్లర్కును నా తరఫు సాక్షిగా పిలవమని అడిగితే ఎంక్వైరీ ఆఫీసర్ రెండూ కుదరవన్నారు. ఆర్డర్ షీట్‌లో ‘కేసుకు సంబంధం లేదు’ అని ఒక్క ముక్క రాశారు. దీని మీద 45 రోజుల్లో అప్పీలు వేయకపోతే హక్కు పోతుందని మా యూనియన్‌లో ఒకన్న చెబుతున్నాడు. అప్పీలూ వద్దు ఏమీ వద్దు, నేరుగా స్టే తెచ్చుకో అంటాడు మా బావమరిది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. శాఖ పేరు, నా పేరు వేయకండి.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ఆ 45 రోజుల భయం వదిలేయండి. ఆ గడువు ఉన్న మాట నిజమే కానీ అది చివర్లో వచ్చే శిక్ష ఆర్డర్‌కు, ఆ కాపీ మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క. మీకు వర్తించే 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) రూల్స్‌లో, అంటే కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ రూల్స్‌లో, రూల్ 22 చూడండి. విచారణ నడుస్తుండగా ఎంక్వైరీ ఆఫీసర్ ఇచ్చే ఏ ఆర్డర్ మీదా అప్పీలు లేదని అందులో నేరుగానే రాసుంది. మధ్యలో ఇచ్చే ఆర్డర్లలో సస్పెన్షన్ ఒక్కదానికే మినహాయింపు. అడిగిన ప్రతి కాగితం మీదా పై ఆఫీసుకు అప్పీలు పోతుంటే ఏ ఎంక్వైరీ అయినా తెమిలేనా? అందుకని పెట్టిన రూల్ అది. కాబట్టి మీరు ఇప్పుడు అప్పీలని పేరు పెట్టి పంపితే అది తిరిగొస్తుంది, అంతే.

అలాగని ఆ ఆర్డర్‌లో తప్పుంటే అది మాఫీ అయిపోదు. రేపు శిక్ష పడి మీరు అప్పీలు వేశారనుకోండి, విచారణ రూల్స్ ప్రకారం జరిగిందా లేదా, జరక్కపోతే దానివల్ల న్యాయం దెబ్బతిందా అన్నది అప్పీలు అధికారి చూసి తీరాలని రూల్ 27 చెబుతుంది. ఇవాళ్టి రిజిస్టర్ గొడవ అప్పుడు పనికొస్తుంది. కాకపోతే కాగితం మీద ఉంటేనే. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలామంది చిత్తయ్యేది ఇక్కడే: ‘నేను అప్పుడే అడిగాను సార్, ఆయన ఒప్పుకోలేదు’ అంటారు, అడిగినట్టు ఫైల్లో ఒక్క లైను ఉండదు.

మీ కేసులో ఆర్డర్ షీట్‌లో ఆ ముక్క ఉండటం మీ అదృష్టం. పైగా అది మీకే పనికొచ్చేలా ఉంది. సంబంధం లేని డాక్యుమెంట్లు తెప్పించనని చెప్పే అధికారం ఎంక్వైరీ ఆఫీసర్‌కు ఉంది, కానీ ఎందుకు సంబంధం లేదో కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని రూల్ 14లోనే ఉంది. ‘సంబంధం లేదు’ అనేది నిర్ణయం, కారణం కాదు. అందుకని వెంటనే ఆయనకే, అవును ఆ ఎంక్వైరీ ఆఫీసర్‌కే, మళ్లీ పరిశీలించమని ఒక పిటిషన్ ఇవ్వండి. ఆవేశం వద్దు, రెండు మూడు వాక్యాలు చాలు: ‘లోటు బయటపడిన సమయానికి కౌంటర్ నా చేతిలో లేదు. అది చూపించడానికి ఫలానా తేదీ అప్పగింత రిజిస్టర్, దాని మీద సంతకం చేసిన హెడ్ క్లర్కు సాక్ష్యం తప్ప నాకు వేరే ఆధారం లేదు. ఇవి లేకుండా విచారణ ముగిస్తే నా డిఫెన్స్ దెబ్బతింటుంది.’ ఈ చివరి వాక్యం మాత్రం మర్చిపోవద్దు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాటియాలా వర్సెస్ ఎస్.కె.శర్మ కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఇలాంటి పొరపాటు జరిగిందనగానే శిక్ష కొట్టేయరు, దానివల్ల ఉద్యోగికి నష్టం జరిగిందా అని చూస్తారు. ఆ నష్టమేమిటో మీరే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? పిటిషన్ ఇచ్చి కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి, ఆ రోజు ఆర్డర్ షీట్‌లో ఎక్కిందో లేదో చదివాకే మీ సంతకం పెట్టండి.

ఆయన మళ్లీ కాదంటే అలిగి వాయిదాలకు వెళ్లడం మానేయకండి. మీరు రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీరు లేకుండానే, కానిచ్చేస్తారు, అప్పుడు క్రాస్ ఎగ్జామినేషన్ కూడా పోతుంది. ఇదే అభ్యంతరాన్ని విచారణ చివర మీరు రాసిచ్చే వాదన (బ్రీఫ్)లో రాయండి, ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఇచ్చాక జవాబుకు దొరికే 15 రోజుల్లో మళ్లీ రాయండి. అన్నట్టు ఆ రిపోర్టు కాపీ ఇచ్చి తీరాలన్నది మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే 1993లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక స్టే సంగతి. మీరు వెళ్లాల్సింది క్యాట్‌కు (కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్), అందులో హైదరాబాద్ బెంచ్‌కు. ఉన్న అప్పీళ్లన్నీ అయ్యాకే రమ్మని సాధారణంగా అక్కడంటారు, 1985 నాటి ట్రిబ్యునల్స్ చట్టం సెక్షన్ 20 అదే. చార్జిషీట్ మీదే కోర్టుకెక్కితే మామూలుగా జోక్యం చేసుకోకూడదని 2006లో కూనిశెట్టి సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, ఒక రిజిస్టర్ తెప్పించలేదని స్టే ఇస్తారని నేననుకోను. అధికారం లేనివాళ్లు చార్జిషీట్ ఇచ్చారంటే అది వేరే సంగతి. మీ బావమరిది ఉత్సాహానికి లాయర్ ఫీజు మీరు కట్టాలి కదా.

మధ్యలోనే బండి ఆపగలిగే దారి ఒకటుంది, ఎంక్వైరీ ఆఫీసర్ పక్షపాతంగా ఉన్నారని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం. అలా పిటిషన్ పడితే విచారణ ఆపి దాన్ని పై అధికారికి పంపాలని 1972 నవంబర్‌లోనే కేంద్రం ఉత్తర్వులిచ్చింది. కానీ దీన్ని జాగ్రత్తగా వాడాలి. మీరడిగింది ఇవ్వనంత మాత్రాన పక్షపాతం అయిపోదు. ఆయనే ఈ కేసులో ముందు ప్రాథమిక విచారణ చేశారనో, సాక్షికి చుట్టమనో చూపించగలిగితేనే ఆ పని చేయండి.

ప్రశ్న: నేను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిని, సస్పెండ్ చేసి నాలుగు నెలలైంది, చార్జిషీట్ ఇంకా ఇవ్వలేదు. మాకూ ఇదే రూలా? ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చా?
– ఆదోని పాఠకురాలు

జవాబు: మీకు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సీసీఏ రూల్స్ వర్తిస్తాయమ్మా. వాటి కింద కూడా సస్పెన్షన్ మీద అప్పీలు ఉంది, వేయండి. చార్జిషీట్ ఇవ్వకుండా మూడు నెలలకు మించి సస్పెన్షన్ సాగదీయకూడదని అజయ్ కుమార్ చౌదరి కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, అప్పీల్లో మొదటి పేరాలోనే అది రాయండి. రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడు ట్రిబ్యునల్ లేదు, రద్దయింది. అప్పీలు పట్టించుకోకపోతే అమరావతిలో హైకోర్టుకే వెళ్లాలి. ఈలోగా సబ్సిస్టెన్స్ అలవెన్స్ (సస్పెన్షన్‌లో ఇచ్చే జీవన భత్యం) నెలనెలా పడుతోందో లేదో చూసుకోండి, ఆగితే అదీ రాతపూర్వకంగానే అడగండి.