మారథాన్, లా స్కూల్, ఇల్లు మారడం: ముందు జూలై, ఆగస్టు గట్టెక్కాలి

ప్రశ్న: నా వయసు 27. అమెరికాలో ఉంటున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. నెలకు 4,300 డాలర్లు చేతికొస్తాయి, ఖర్చులు పోను 900 మిగులుతాయి. ఈ జూన్ 30న ఉద్యోగం మానేసి 2026 ఆగస్టులో వేరే రాష్ట్రంలో లా స్కూల్‌లో చేరుతున్నాను. స్కూల్ లెక్క ప్రకారం ఏడాది ఖర్చు 74,000: ఫీజు 46,000, మిగతావి 28,000. స్కాలర్‌షిప్ ఏటా 18,000 ఇస్తున్నారు, జీపీఏ 3.0కి తగ్గకూడదని షరతు పెట్టారు. సేవింగ్స్‌లో 19,000, 401(కె)లో, అంటే కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతాలో 9,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 2,400, వడ్డీ 24 శాతం. లాంగ్ డిస్టెన్స్ రన్నింగ్‌కి కోచ్, షూస్, రేసులు కలిపి ఏడాదికి 4,000 దాకా అవుతోంది. అక్టోబర్ మారథాన్‌కి 240 డాలర్లు కట్టేశాను. రన్నింగ్ మానేయాలా? ఇల్లు మారడానికి 401(కె) తీసుకోవచ్చా?

జవాబు: రన్నింగ్ మానక్కర్లేదు, 401(కె) ముట్టుకోవద్దు. మీరు అడగని విషయం మరొకటి ఉంది, మీకు అసలు ఇబ్బంది అక్కడే. జూన్ 30న చివరి జీతం పడ్డాక ఆగస్టు నెలాఖరు దాకా మీకు ఒక్క డాలర్ కూడా రాదు. ఇల్లు మారే ఖర్చంతా ఆ రెండు నెలల్లోనే మీద పడుతుంది.

చదువుకి మీరు తీసుకునే ఫెడరల్ లోన్‌ని (కేంద్ర ప్రభుత్వమిచ్చే విద్యారుణం) స్కూల్, క్లాసులు మొదలవడానికి పది రోజుల ముందు మాత్రమే ఖాతాలో వేయగలదు, అంతకన్నా ముందు కుదరదు. వచ్చిన డబ్బులోంచి మొదట సెమిస్టర్ ఫీజు మినహాయించుకుని, మిగిలినది మీకు పంపడానికి 14 రోజుల దాకా గడువు తీసుకోవచ్చు. కొత్త ఇంటి ఓనర్ మాత్రం ఆగస్టు 1నే అద్దె అడుగుతాడు. పైగా స్కూల్ చెప్పే ఏడాది ఖర్చు సాధారణంగా తొమ్మిది నెలలకే వేసిన లెక్క. ఇల్లు మారే ఖర్చు, వేసవి మూడు నెలల ఖర్చు అందులో ఉండవు.

కాబట్టి ఈ రెండు నెలలకు విడిగా లెక్క వేసుకోండి. మీ అద్దె, మూవర్ల ఖర్చు ఎంతో రాయలేదు కనుక ఉదాహరణకి కొన్ని అంకెలు పెడుతున్నాను, వాటి స్థానంలో మీవి వేసుకోండి. పాత ఇంటికి జూలై అద్దె 1,450. కొత్త ఇంటికి ఆగస్టు అద్దె, సెక్యూరిటీ డిపాజిట్ కలిపి 2,700. మూవర్లకు 3,080. రెండు నెలల తిండి, ఫోన్, పెట్రోలు 1,800. దారి ఖర్చు, కరెంటు కనెక్షన్‌లాంటివి 500. హెల్త్ ఇన్సూరెన్స్ కోసం పక్కన పెట్టేది 1,300. మొత్తం 10,830. పాత ఇంటి డిపాజిట్ తిరిగి రావడానికి వారాలు పడుతుంది, అందులోంచి కోతలూ ఉంటాయి. అది చేతికొచ్చేదాకా లెక్కలోకి తీసుకోవద్దు.

మూవర్లకు 3,080 ఎందుకంటే, కొటేషన్ 2,800 అనుకుని దానిపై పది శాతం కలిపాను. రాష్ట్రం దాటి సామాను తరలించేటప్పుడు కొటేషన్ రెండు రకాలు. అంచనా మాత్రమే చెప్పే కొటేషన్ అయితే, సామాను దించే రోజు 110 శాతం వరకు అడిగే హక్కు వాళ్లకుంది. అసలు బిల్లు అంతకు మించితే ఆ తేడాకి తర్వాత బిల్లు పంపుతారు. అందుకే 'ఇంతకు మించదు' అని రాతపూర్వకంగా ఇచ్చే కొటేషనే అడగండి. ఫోన్‌లో చెప్పిన ధర నమ్మి లారీ ఎక్కించినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. ఇంకొకటి: అదనపు రుసుము లేకుండా వచ్చే కనీస రక్షణలో, పోయిన వస్తువుకి పౌండుకు 60 సెంట్లే ఇస్తారు. నాలుగు పౌండ్ల ల్యాప్‌టాప్ పోతే చేతికొచ్చేది 2 డాలర్ల 40 సెంట్లు. ల్యాప్‌టాప్, పరుగు గడియారం, సర్టిఫికెట్లు మీ బ్యాగులోనే పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ సంగతి రన్నర్లు తేలిగ్గా తీసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నాం కదా, రెండు నెలలు లేకపోతే ఏమవుతుందిలే అనుకుంటారు. కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వస్తే ఎంఆర్‌ఐ నుంచి మొదలుపెట్టి అన్నీ సొంత ఖర్చే. మీ కంపెనీ కవరేజీ ఏ తేదీతో ఆగుతుందో హెచ్‌ఆర్‌ని అడగండి. చాలా చోట్ల ఆ నెలాఖరు దాకా ఉంటుంది. ఆ తర్వాత కోబ్రా అనే చట్టం కింద, సొంత ఖర్చుతో అదే ప్లాన్ కొనసాగించుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. గడువులోగా ఎప్పుడు ఎంచుకున్నా కవరేజీ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది, కాకపోతే మధ్య నెలల ప్రీమియం మొత్తం కట్టాలి. జూలై, ఆగస్టు సాఫీగా గడిచి ఆగస్టులో స్కూల్ ప్లాన్ మొదలైతే మీకు ఒక్క డాలర్ ఖర్చవదు. ఏదైనా జరిగితే మాత్రం కట్టేయాలి. పైన 1,300 పక్కన పెట్టమన్నది అందుకే. గడువు ముగిసే తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు లోన్. కిందటేటి దాకా ఏడాది ఖర్చు ఎంతున్నా మిగతా అంతా గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ పూడ్చేది. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవారికి అది లేదు. లా విద్యార్థికి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తమ్మీద 2,00,000 మించదు. అందులోనూ 1.057 శాతం ఫీజు ముందే కోసేస్తారు కనుక చేతికొచ్చేది సుమారు 49,470. మీ 74,000లో స్కాలర్‌షిప్ 18,000 పోతే 56,000 ఉంటుంది. అంటే ఏటా 6,530 లోటు. ల్యాప్‌టాప్ కోసం స్కూల్‌ని అడిగి ఖర్చు అంచనా పెంచించుకోమని పాత సలహాలు చెబుతాయి. పరిమితి దగ్గర ఆగిపోయిన మీకు అది ఇప్పుడు పనికిరాదు.

అయితే మిగతా ఖర్చుల కింద చూపిన 28,000 స్కూల్ వేసిన అంచనా, అంతా ఖర్చుపెట్టి తీరాలని లేదు. నెలకు 2,300తో తొమ్మిది నెలలు గడిపితే 20,700. పుస్తకాలకు 1,500, స్కూల్ ఇన్సూరెన్స్‌కి 3,000 కలిపినా 25,200. లోటు 3,730కి దిగుతుంది. మీ 19,000కి జూన్ దాకా దాచే 2,700 కలిపి, కార్డు బాకీ 2,400 ఈ వారమే తీర్చేస్తే 19,300 ఉంటుంది. రెండు నెలల ఖర్చు, మొదటి ఏడాది లోటు పోను మిగిలేది సుమారు 4,740. వచ్చే వేసవి మూడు నెలలకు 6,900 కావాలి. సేవింగ్స్‌తోనే లోన్ తగ్గించుకుందామని చూడకండి, చేతిలో నగదే మీకిప్పుడు అవసరం. కార్డు బాకీ విషయంలో మరో కారణమూ ఉంది: తర్వాత లాయర్ లైసెన్స్ ఇచ్చే ముందు రాష్ట్ర బార్ సంస్థవాళ్లు మీ నడవడిక పరిశీలించేటప్పుడు, అప్పులు కట్టకుండా వదిలేశారా అన్నది కూడా చూస్తారు.

ఇక మారథాన్. ఈ ఒక్క విషయంలో గట్టిగా చెబుతాను: అక్టోబర్ రేసు వదిలేయండి. అక్టోబర్ రెండో వారం రేసుకి 18 వారాల ప్లాన్ అంటే జూన్ మొదట్లో మొదలవుతుంది. ఇరవై మైళ్ల పరుగులు సెప్టెంబర్‌లో పడతాయి. అప్పటికి మీరు క్లాసులు మొదలైన మొదటి నెలలో ఉంటారు. లా స్కూల్ మొదటి ఏడాది చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ చివర పెట్టే ఒకే ఒక్క పరీక్ష మార్కును నిర్ణయిస్తుంది. ఆ మార్కులు కూడా కర్వ్ ప్రకారం ఇస్తారు కనుక, మీరు బాగా రాసినా తోటివాళ్లు ఇంకా బాగా రాస్తే జీపీఏ తగ్గుతుంది. షరతు తప్పితే పోయేది రెండేళ్లకు 36,000. కట్టిన 240 కోసం విమానం, హోటల్‌కి మరో 1,100 పెట్టడం అనవసరం. వాయిదా వేసుకునే వీలుందేమో రేసు వెబ్‌సైట్‌లో చూడండి. పెద్ద మారథాన్‌లు చాలావరకు వాయిదాకి ఒప్పుకుంటాయి కానీ మరుసటి ఏడాది ఫీజు మళ్లీ కట్టమంటాయి. ఏప్రిల్ మారథాన్‌కి మార్చుకుందాం అనుకోకండి, మే మొదట్లో పరీక్షలు ఉంటాయి. మే నెలాఖరులో, మీరున్న ఊరికి దగ్గరలో హాఫ్ మారథాన్ ఉంటే అది పరుగెత్తండి.

జూలై నుంచి కోచ్‌ని ఆపేయండి, తగ్గాల్సింది ప్రధానంగా అక్కడే. షూస్ మీద మాత్రం కోత వద్దు. జత 300 నుంచి 500 మైళ్లు వస్తుంది. వారానికి 25 మైళ్లు పరుగెత్తినా ఏడాదికి 1,300 మైళ్లు, అంటే మూడు నాలుగు జతలు. జత 150 అనుకుంటే 600 చాలు. దాన్ని నెలకు 50గా పైన చెప్పిన 2,300లోనే కలుపుకోండి. పరీక్షల వారాల్లో నిద్ర పట్టడానికి ఆ పరుగు మీకు అవసరం.

401(కె) ఎందుకు వద్దంటున్నానంటే, మీ వయసులో తీస్తే పన్నుతో పాటు పది శాతం జరిమానా. చదువు ఖర్చుకని చెప్పినా 401(కె)కి మినహాయింపు లేదు. ఐఆర్‌ఏకి (సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) ఉంది. ఉద్యోగం మానాక దాన్ని నేరుగా ఐఆర్‌ఏలోకి మార్పించుకోండి. మూడో ఏడాదిలో మరీ తప్పనిసరైతే అక్కడి నుంచి ఫీజుకి తీయవచ్చు, జరిమానా ఉండదు. ఆదాయం తక్కువున్న ఏడాదిలో తీస్తారు కనుక పన్నూ స్వల్పమే. రాజీనామా తేదీ ఖాయం చేసే ముందు, కంపెనీ జమ చేసిన వాటా పూర్తిగా మీదయ్యే రోజు ఎప్పుడో చూసుకోండి. రెండు వారాల తేడాతో అది పోగొట్టుకునేవాళ్లున్నారు.

2026లో మీకు ఆరు నెలల జీతమే వస్తుంది, పన్ను మాత్రం ఏడాది జీతం లెక్కన కోసి ఉంటారు, ఎక్కువైనది తిరిగి వస్తుంది. దీనికి లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే పన్ను తగ్గింపు కూడా తోడవుతుంది: స్కాలర్‌షిప్ పోను కట్టిన ఫీజులో మొదటి 10,000 మీద 20 శాతం, అంటే 2,000 వరకు. లోన్‌తో కట్టిన ఫీజు కూడా లెక్కలోకి వస్తుంది. కట్టాల్సిన పన్ను ఉన్నంత వరకే ఈ క్రెడిట్ పనిచేస్తుంది కనుక, ఆదాయం పెద్దగా లేని 2027 కన్నా ఈ ఏడాదే దీనితో మీకు లాభం. 2027 ఫిబ్రవరిలో రిటర్న్ వేస్తే వచ్చే రీఫండ్ రెండు వేలు దాటవచ్చు. వేసవికి తక్కువైన డబ్బు అక్కడి నుంచి వస్తుంది. రెండో ఏడాది లోటుకి మాత్రం జీతమిచ్చే వేసవి పని వెతుక్కోవాలి. మొదటి ఏడాది తర్వాత దొరికే పనుల్లో జీతం లేనివి చాలా ఉంటాయి, కాబట్టి జనవరి నుంచే మొదలుపెట్టండి.

సీటు డిపాజిట్ కట్టే ముందు ఒక మెయిల్ రాయండి. స్కాలర్‌షిప్ షరతు తీసేయగలరా, లేదంటే 3.0 బదులు చదువులో వెనకబడకుండా ఉంటే చాలని మార్చగలరా అని అడగండి. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ ఏటా ప్రకటించాల్సిన 509 రిపోర్టులో, షరతు తప్పి స్కాలర్‌షిప్ ఎందరికి తగ్గిందో ఉంటుంది. ఆ అంకె చూసి రాస్తే మీ మాటకు బలం ఉంటుంది. డిపాజిట్ కట్టేశాక అడిగితే వాళ్లకు తొందరేమీ ఉండదు.