మాయలోకంలో హత్య జరిగితే

ప్రశ్న: అక్కా, మంత్రాలూ రాక్షసులూ ఉన్న లోకంలో జరిగే ఓ హత్య నవల మా తమ్ముడు ఇచ్చాడు, సగం చదివాను. మంత్రంతో ఏదైనా చేయొచ్చు కదా, ఇక ఊహించేదేముంది?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆపొద్దు చెల్లీ, చదువు. నీ అనుమానం పాతదే. 1929లో ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసినప్పుడు అతీత శక్తులు అసలే వద్దన్నాడు. కానీ మంచి రచయిత మంత్రానికీ హద్దులు పెడతాడు. మన బాలనాగమ్మ కథే చూడు, మాయలఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలిశాక అతన్ని ఎలా చంపాలో చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది, అదే సంగతి చివరి పేజీలో చెబితే మాత్రం ఒళ్లు మండుతుంది. 1960ల్లో అమెరికన్ రచయిత రాండల్ గారెట్ రాసిన లార్డ్ డార్సీ అనే డిటెక్టివ్ కథల్లో మంత్రవిద్యకు సైన్సులా సూత్రాలుంటాయి, మంత్రగాడే ఫోరెన్సిక్ నిపుణుడిలా సాక్ష్యాలు పరీక్షిస్తాడు, నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం. అందుకే ‘ఈ మంత్రం వల్ల ఇది కాదు’ అనే మాట ఎక్కడ కనిపించినా పెన్సిల్‌తో గీత పెట్టుకో, హంతకుడు దొరికేది అక్కడే. రాజుల వంశాలు, ఊళ్ల పేర్లు గుర్తుండకపోతే టెన్షన్ పడకు, దాటేయి. ఆఖరి అధ్యాయాల ముందు ఒకసారి ఆగి, హంతకుడెవరో తమ్ముడితో పందెం కాయి.