మానవ చరిత్రలో అతి పెద్ద విషాదం ఏది?

మరణాల సంఖ్యే కొలమానమైతే, 6 కోట్లకు పైగా ప్రాణాలను బలిగొన్న రెండో ప్రపంచ యుద్ధాన్ని ముందుగా చెప్పాలి. అయితే నా దృష్టిలో అంతకంటే ఘోరమైనది అట్లాంటిక్ బానిస వ్యాపారం, ఎందుకంటే అది ఉపద్రవంలా వచ్చి పోలేదు. సుమారు మూడున్నర శతాబ్దాల పాటు చట్టాల అండతో, లాభనష్టాల లెక్కలతో సాగింది. చరిత్రకారుల అంచనా ప్రకారం దాదాపు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించగా, సుమారు 1.07 కోట్ల మందే ప్రాణాలతో అట్లాంటిక్ అవతలి తీరం, అంటే అమెరికా ఖండాలు, చేరారు. మిగిలినవారిలో ఎందరో ఇరుకైన ఓడ అడుగుభాగంలో, సంకెళ్ల మధ్య, రక్తవిరేచనాలతో మరణించారు. 1781లో జోంగ్ అనే బ్రిటిష్ ఓడ సిబ్బంది సుమారు 130 మందిని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. ఆ తరువాత ఓడ యజమానులు, ఆ మనుషులను నష్టపోయిన సరుకుగా చూపి, బీమా సొమ్ము కోరారు. న్యాయస్థానం ముందుకు వచ్చింది హత్యానేరం కాదు, ఆ బీమా వివాదమే.